అట్రాసిటీ కేసు నడపడం: స్టేషన్ గడప నుంచి అప్పీలు దాకా, నా అనుభవం

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టేవాళ్ళ వెంట స్టేషన్లకూ, తహసీల్దారు ఆఫీసులకూ, కోర్టులకూ తిరిగే పని నాది. ప్లీడరును కాను. బాధితులు స్వచ్ఛంద సంస్థల, సామాజిక కార్యకర్తల, న్యాయవాదుల సాయం తీసుకోవచ్చని ఆ చట్టంలోని 15ఏ(12) చెబుతోంది. మాలాంటివాళ్ళం పక్కన నిలబడేది ఆ హక్కు మీదే. "మీరెవరు, బయట కూర్చోండి" అన్నప్పుడు ఈ సెక్షన్ నంబరు చెబితే చాలా స్టేషన్లలో ఇక అభ్యంతరం పెట్టరు.

ఈ చట్టం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే అది ఎక్కడ జారిపోతుందో కూడా అర్థమవుతుంది. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. దాన్ని అమలు చేయడానికి 1955లో అంటరానితనం నేరాల చట్టం తెచ్చారు, తర్వాత దాన్నే పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చారు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినప్పుడు ఆ చట్టం దేనికీ చాలదని తేలింది. 1989లో ఇప్పటి చట్టం రావడం వెనక కారంచేడు తర్వాత సాగిన ఉద్యమం బలం చాలా ఉంది. 1990 జనవరి 30న అది అమల్లోకి వచ్చింది. ఏడాదిన్నర తిరిగేసరికి, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితులు పట్టుబట్టి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరి మీదా కేసు కొట్టేసింది. వెంకటాయపాలెంలో దళిత యువకుల శిరోముండనం 1996 డిసెంబరులో జరిగితే విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది 2024 ఏప్రిల్‌లో. ఛార్జిషీట్ వేశాక వీలైనంతవరకు 2 నెలల్లో విచారణ ముగించాలని రాసుకున్న చట్టం ఇది.

అంటే సెక్షన్లు గట్టిగానే ఉన్నాయి. వాటిని నడిపించాల్సిన కుర్చీలు మాత్రం పాత ఊరి సంబంధాల మధ్యే ఉన్నాయి. ఎస్సై పోస్టింగు ఎవరి మాట మీద వస్తుందో ఊళ్ళో అందరికీ తెలుసు. కుల ధ్రువీకరణ ఇచ్చే తహసీల్దారుకూ, పంచనామాలో మధ్యవర్తిగా సంతకం పెట్టే గ్రామ ఉద్యోగికీ, కేసు వాదించే పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారికీ ముద్దాయిల వైపు పరిచయాలు ఉంటాయి. ఫిర్యాదిదారుకు ఉండేది కాగితం ఒక్కటే. అందుకే కాగితం గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఫిర్యాదు రాయడం

పోయే కేసుల్లో చాలా వరకు మొదటి రోజే పోతాయి. స్టేషన్ రైటర్ తన అలవాటులో "కులం పేరుతో దూషించి, చంపుతామని బెదిరించారు" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టించుకుంటాడు. ఆ వాక్యంతో క్రైమ్ నంబరు పడుతుంది. కొన్ని నెలల తర్వాత ముద్దాయిలు హైకోర్టులో క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమనే అర్జీ) వేస్తే ఆ ఫిర్యాదు నిలబడదు. ఎందుకంటే నలుగురిలో కావాలని అవమానించడం, కులం పేరుతో తిట్టడం గురించిన 3(1)(ఆర్), 3(1)(ఎస్) సెక్షన్లకు మూడు సంగతులు ఫిర్యాదులోనే కనపడాలి: అవమానించినవాళ్ళు ఎస్సీ, ఎస్టీ కానివాళ్ళని, అది కావాలనే చేశారని, నలుగురికీ కనపడే, వినపడే చోట జరిగిందని. గోరిగె పెంటయ్య కేసులో 2008లో సుప్రీంకోర్టు ఇవే లేవని కేసు కొట్టేసింది. అది మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసే. అయినా ఇవాళ్టికీ ముద్దాయిల కులం రాయని ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి.

నేను రాయించే తీరు ఇది: "ఫలానా తేదీ ఉదయం సుమారు 8 గంటలకు, రామాలయం ఎదురుగా ఉన్న బోరింగు దగ్గర నేను నీళ్ళు పట్టుకుంటుండగా, ఫలానా కులానికి చెందిన ఫలానా ఆయన వచ్చి..." అక్కడి నుంచి ఆయన అన్న మాట అన్నట్టే, బూతు అయినా, కులం పేరు అయినా, కొటేషన్లలో. "రాయలేని మాటలు" అని వదిలేయకూడదు. కోర్టు చూసేది ఆ మాటలనే. తర్వాత అక్కడ ఎవరున్నారో పేర్లు, వాళ్ళు ఎంత దూరంలో నిలబడ్డారో. మా కులం ఆయనకు ఎలా తెలుసో కూడా ఒక వాక్యం: ఆయన పొలంలో కూలికి వెళ్ళామనో, పక్క వీధే అనో. ముద్దాయికి బాధితుడితోగాని, కుటుంబంతోగాని పరిచయం ఉంటే కులం తెలిసే చేశాడని కోర్టు అనుకోవాల్సిందేనని 8(సి) చెబుతోంది. ఆ పరిచయం ఫిర్యాదులో ఉంటేనే పీపీ గారు దాన్ని వాడుకోగలరు.

నలుగురి ఎదుట అన్న మాట దగ్గర కోర్టులు రోజురోజుకీ కచ్చితంగా ఉంటున్నాయి. 2008లో స్వరణ్ సింగ్ కేసులో గేటు దగ్గరగాని, ఇంటి ముందు ఖాళీ స్థలంలోగాని బయటివాళ్ళకు కనపడేలా జరిగితే సొంత స్థలమైనా సరిపోతుందన్నారు. 2020లో హితేశ్ వర్మ కేసులో నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్నది ఈ సెక్షన్ కిందికి రాదన్నారు. 2025 జనవరిలో తమిళనాడు కేసు ఒకటి, ప్రభుత్వ కార్యాలయం గదిలో ఉద్యోగిని కులం పేరుతో తిట్టినది, ఇదే కారణంతో కొట్టేశారు. ఇది తెలిశాక కొందరు గదిలో జరిగినదాన్ని వీధిలో జరిగినట్టు రాయిస్తారు. అలా ఎప్పుడూ రాయించకూడదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజమంతా దాంతోపాటే పోతుంది. పైగా "అట్రాసిటీ కేసులన్నీ దొంగ కేసులు" అనేవాళ్ళకు మనమే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

గదిలో జరిగితే వేరే సెక్షన్లు చూడాలి. ఇక్కడే పోలీసులు పెద్ద పొరపాటు చేస్తారు, కొన్నిసార్లు తెలిసే చేస్తారు. గొడవ భూమి మీద మొదలైనా ఎఫ్ఐఆర్‌లో ఆర్, ఎస్ మాత్రమే వేస్తారు. దళితుల భూమిని అక్రమంగా దున్నుకోవడం 3(1)(ఎఫ్), అందులోంచి గెంటేయడం 3(1)(జి). ఈ రెండింటికీ నలుగురి ఎదుట జరగాలన్న షరతు లేదు. శ్మశానానికి, చెరువుకు, బోరుకు, గుడికి రానివ్వకపోతే 3(1)(జడ్‌ఏ). పనికి పిలవొద్దు, సరుకులు అమ్మొద్దు అని కట్టుబాటు పెడితే 3(1)(జడ్‌సి). మహిళల మీద చేయి వేస్తే 3(1)(డబ్ల్యు). ఇవన్నీ 2015 సవరణతో చేరినవో, విస్తరించినవో. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్నాయి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు పంచినది) అయితే దాని డి-పట్టా, రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1బి నకళ్ళు ఫిర్యాదుతోనే జత చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 20 ఏళ్ళు దాటిన పట్టాలకు 2023 సవరణ ఇచ్చిన మినహాయింపు వర్తిస్తే తప్ప, అసైన్డ్ భూమి చేతులు మారడం 1977 నాటి 9వ చట్టం ప్రకారమే చెల్లదు కాబట్టి "మాకు అమ్మేశాడు" అనే జవాబు చాలాసార్లు అక్కడికక్కడే తేలిపోతుంది.

"ముందు విచారణ చేస్తాం" అంటే

ఫిర్యాదు పట్టుకుని వెళ్తే ముందు వినపడే మాట ఇది. దీనికి ఒక చరిత్ర ఉంది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల బెంచి, మహారాష్ట్ర నుంచి వచ్చిన కేసులో, ఎఫ్ఐఆర్‌కు ముందు డీఎస్పీ ప్రాథమిక విచారణ చేయొచ్చనీ, అరెస్టుకు పై అధికారి అనుమతి కావాలనీ చెప్పింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది, ఉత్తరాదిన ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చింది: ఎఫ్ఐఆర్‌కు ప్రాథమిక విచారణ అక్కర్లేదు, అరెస్టుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టే తన పాత ఆదేశాలను వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరి 10న 18ఏ చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. తీర్పు పోయింది గానీ, ఆ రెండేళ్ళలో స్టేషన్లకు పట్టిన అలవాటు పోలేదు.

2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాక ఆ అలవాటుకు కొత్త ఊతం దొరికింది. 3 ఏళ్ళ నుంచి 7 ఏళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేయొచ్చని 173(3) అంటుంది. 3(1) కింది నేరాలకు శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా. దాంతో "కొత్త చట్టం ప్రకారం విచారణ చేశాకే" అంటున్నారు. దీనికి జవాబు రెండు సెక్షన్లలో ఉంది: ప్రత్యేక చట్టంలోని 18ఏ, మిగతా చట్టాలకన్నా ఈ చట్టానిదే పైచేయి అనే 20వ సెక్షన్. వాదన పెట్టుకోకుండా ఈ రెండూ ఒక తెల్లకాగితం మీద రాసి ఫిర్యాదుకు జత చేస్తే మంచిది. తర్వాత పై అధికారులకు వెళ్ళినప్పుడు మనం చెప్పామనడానికి ఆధారం ఉంటుంది.

తీసుకోకపోతే అదే రోజు ఫిర్యాదును స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపాలి. ఈ చట్టం కింద చేసిన 1995 నిబంధనల్లోని 5(3), కొత్త సంహితలోని 173(4) రెండూ ఇదే దారి చూపిస్తాయి. పోస్టాఫీసు రసీదు పారేయొద్దు. 14566 జాతీయ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి గ్రీవెన్స్ నంబరు తీసుకోవాలి. అప్పటికీ కదలకపోతే ప్రత్యేక కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయొచ్చు. నేరుగా కేసు తీసుకునే అధికారం ఆ కోర్టుకు 2015 సవరణ ఇచ్చింది.

ఫిర్యాదు తీసుకోని అధికారి మీద 4వ సెక్షన్ ఉంది, 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు. నోటితో చెప్పింది రాసి చదివి వినిపించడం, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వడం, వాంగ్మూలం తీసుకోవడం, 60 రోజుల్లో ఛార్జిషీట్ వేయడం అన్నీ అధికారి విధులుగా అందులోనే రాశారు. అయితే ముందు శాఖాపరమైన విచారణ జరిగి, సిఫార్సు వస్తేనే అధికారి మీద కేసు. సాటి అధికారే విచారించాలి. కాబట్టి ఈ సెక్షన్‌తో ఎవరికైనా శిక్ష పడుతుందని ఆశపడను. లిఖితపూర్వకంగా దాన్ని ప్రస్తావిస్తే ఎఫ్ఐఆర్ త్వరగా పడుతుంది, అంతవరకే దాని ఉపయోగం.

దెబ్బలు తగిలితే స్టేషన్‌కన్నా ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. మెడికో లీగల్ కేసుగా రాయించుకుని, ఎవరు, దేనితో కొట్టారో డాక్టరుకు చెప్పాలి. ఆ రిజిస్టరులో పడిన సమయాన్ని తర్వాత ఎవరూ మార్చలేరు. కౌంటర్ కేసు వచ్చినప్పుడు ఈ సమయమే మనల్ని కాపాడుతుంది. కౌంటర్ కేసు రావడం ఖాయమే అనుకోండి. సాయంత్రానికల్లా అవతలివాళ్ళు చేతికి కట్టు కట్టుకుని, దొంగతనమనో, ఆడవాళ్ళ మీద చేయి వేశారనో ఫిర్యాదు ఇస్తారు. తర్వాత "రెండు కేసులూ తీసేసుకుందాం" అని పెద్దమనుషులు వస్తారు. కౌంటర్ కేసు పెట్టేదే దానికి. తప్పుడు కేసు పెట్టి వేధించడం 3(1)(పి) కింద మరో నేరం. డీఎస్పీకి ఆ మాట రాసిచ్చి, రెండు కేసులూ ఒకే అధికారి దర్యాప్తు చేయాలని అడగాలి.

కుల ధ్రువీకరణ, చర్చి

కోస్తాంధ్రలో ఈ కేసులు నడిపేవాళ్ళను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని 3వ పేరా ప్రకారం హిందువు కానివారు షెడ్యూల్డ్ కులాల కిందికి రారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. తెగల ఉత్తర్వులో ఈ మతం షరతే లేదు. ఎస్టీ వ్యక్తి చర్చికి వెళ్ళినా ఎస్టీయే. మాల మాదిగ పల్లెల్లో చర్చి లేని పల్లె తక్కువ. సర్టిఫికెట్లో హిందూ మాల, హిందూ మాదిగ అని ఉంటుంది, ఆదివారం ప్రార్థనకు వెళ్తారు. ఊళ్ళో తిట్టేవాడికి అది అడ్డం రాదు. ఏ చర్చికి వెళ్తావని అడిగి ఎవరూ కులం పేరు పెట్టి కొట్టరు. కోర్టులో మాత్రం మొదటి ప్రశ్న అదే.

2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. క్రైస్తవంలోకి వెళ్ళినవారు ఎస్సీ హోదా కోల్పోతారు, సర్టిఫికెట్ రద్దు కాకుండా చేతిలో ఉన్నంత మాత్రాన ఈ చట్టం రక్షణ దొరకదు అన్నది దాని సారాంశం. క్రైస్తవ దళితులకు రాష్ట్రం 1977లో జీవో 341తో ఇచ్చిన రాయితీలు వేరు, అవి చట్టబద్ధమైన హక్కులు కావు. ఆ తీర్పు తర్వాత ముద్దాయిల ప్లీడర్లు బాప్తిస్మం రిజిస్టరు, పెళ్ళి శుభలేఖ, సమాధి మీద సిలువ ఫొటో, ఫేస్‌బుక్ పోస్టులు పట్టుకొస్తున్నారు.

దీన్ని ఎదుర్కోవడానికి నేను చెప్పేది ఇంతే. సర్టిఫికెట్ ఘటనకు ముందు నాటిది ఉండాలి, కొత్తది అప్పటికప్పుడు తీసుకుంటే అనుమానపడతారు. బడి రికార్డులో, తండ్రి సర్టిఫికెట్లో కులం ఎలా ఉందో నకళ్ళు తీసి పెట్టుకోవాలి. సర్టిఫికెట్ రద్దు చేసే అధికారం 1993 నాటి 16వ చట్టం కింద రెవెన్యూ అధికారులకు ఉంది, దానికి ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతి నడవకుండా దర్యాప్తు అధికారి సొంతంగా తేల్చకూడదని లిఖితపూర్వకంగా చెప్పాలి. పాస్టరుగా పనిచేసే వ్యక్తికైతే ఇవాళ ఉన్న చట్టంతో ఈ కేసు నిలబడటం కష్టమని ముందే చెప్పేస్తాను. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్లతో ఫిర్యాదు గట్టిగా రాయిస్తాను. మతం మారితే కులం పోతుందన్న ఊహ మీద నిలబడిన ఉత్తర్వు ఇది. పరిశీలనకు 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో కమిషన్ వేశారు. 14వ అధికరణ అందరికీ సమాన రక్షణ అంటుంది. ఒకే వాడలో పక్కపక్క ఇళ్ళలో ఉన్న అన్నదమ్ముల్లో ఒకరికి ఈ చట్టం ఉండి, ఇంకొకరికి లేకపోవడాన్ని ఆ అధికరణతో ఎలా సమర్థిస్తారో నాకు ఇప్పటికీ బోధపడదు.

దర్యాప్తు, పరిహారం

దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలని 7వ నిబంధన. వాస్తవంలో సాక్షుల్ని పిలిచేది, రాసేది కింది సిబ్బంది. డీఎస్పీ సంతకం పెడతారు. విచారణలో "మిమ్మల్ని ఎవరు విచారించారు?" అని ప్లీడరు అడిగితే సాక్షి అమాయకంగా "ఎస్సై గారు" అంటాడు. అక్కడితో దర్యాప్తే చెల్లదనే వాదన మొదలవుతుంది. అందుకే సాక్షులకు ముందే చెప్పాలి: డీఎస్పీ గారు ఎదురుగా ఉన్నప్పుడే మాట్లాడండి, రాసింది చదివించుకోండి. భయపడే సాక్షులుంటే మేజిస్ట్రేట్ ముందు నాగరిక్ సురక్షా సంహిత 183 కింద వాంగ్మూలం ఇప్పించమని దర్యాప్తు అధికారికి అర్జీ పెట్టాలి. ఒకసారి మేజిస్ట్రేట్ ముందు చెప్పాక అడ్డం తిరగడానికి జంకుతారు.

రెఫర్డ్ నోటీసు వస్తే, అంటే "మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్" అనో "ఫాల్స్" అనో కేసు మూసేస్తున్నట్టు కాగితం వస్తే, దాన్ని తీసుకోకుండా తప్పించుకోవద్దు. తీసుకుని, తేదీ వేసి సంతకం పెట్టి, కోర్టులో ప్రొటెస్ట్ పిటిషన్ (కేసు మూయొద్దని అభ్యంతరం చెప్పే అర్జీ) వేయాలి. నోటీసు గోడకు అంటించి వెళ్ళిపోతే ఆ సంగతి మనకు తెలిసేసరికి కేసు మూతపడి ఉంటుంది.

పరిహారం దగ్గర చాలామందికి ఒక అపోహ ఉంది, శిక్ష పడితేనే డబ్బు వస్తుందని. కాదు. 12(4) నిబంధన ప్రకారం తక్షణ సాయం 7 రోజుల్లో అందాలి. నిబంధనలకు 2016లో చేర్చిన పరిహార పట్టికలో కులం పేరుతో అవమానించిన కేసుకు 1 లక్ష రూపాయలు: ఎఫ్ఐఆర్ దశలో 25 శాతం, ఛార్జిషీట్ కోర్టుకు వెళ్ళాక 50 శాతం, శిక్ష పడితే 25 శాతం. లైంగిక అత్యాచారానికి 5 లక్షలు, వైద్య నివేదిక రాగానే సగం. హత్యకు 8 లక్షల 25 వేలు: పోస్ట్‌మార్టం తర్వాత సగం, ఛార్జిషీట్ వేశాక మిగతా సగం. హత్య కేసుల్లో ఇది కాక మరికొంత ఉంది, దాన్ని అడిగేవాళ్ళే లేరు: కుటుంబానికి నెలకు 5 వేలు, దాని మీద కరువు భత్యంతో పింఛను, ఇంట్లో ఒకరికి ఉద్యోగం, భూమి, ఇల్లు, పిల్లలకు డిగ్రీ దాకా చదువు ఖర్చు, 3 నెలలకు బియ్యం, పప్పులు, సామాను. డీఎస్పీ ఆఫీసు నుంచి ప్రతిపాదన జిల్లా సాంఘిక సంక్షేమ అధికారికి, అక్కడి నుంచి కలెక్టరుకు వెళ్ళాలి. ఎఫ్ఐఆర్, కుల ధ్రువీకరణ, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ కావాలి. ఆగిపోయేది ఎక్కువగా డీఎస్పీ ఆఫీసు దగ్గరే. ప్రతిపాదన పంపిన లేఖ నంబరు, తేదీ అడిగి రాసుకుంటే కలెక్టరు గ్రీవెన్స్‌లో సోమవారం ఆ నంబరుతో అడగొచ్చు.

17వ నిబంధన కింద జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉంటుంది. కలెక్టరు అధ్యక్షుడు, ఎస్పీ, ఎంపీలు, ఎమ్మెల్యేలు, అనధికార సభ్యులు ఉంటారు. 3 నెలలకోసారి కూర్చోవాలి. అనధికార సభ్యుల్లో ఒకరిని పట్టుకుని మన క్రైమ్ నంబరు ఎజెండాలో పెట్టిస్తే, ఛార్జిషీట్ 60 రోజులు దాటిన సంగతి మినిట్స్‌లోకి ఎక్కుతుంది. తర్వాత హైకోర్టుకు వెళ్ళినా ఆ మినిట్స్ పనికొస్తాయి.

అరెస్టు, బెయిలు

ముందస్తు బెయిలు లేదని 18వ సెక్షన్. అది చదివి ఊళ్ళో అందరూ రేపే అరెస్టు అనుకుంటారు. 7 ఏళ్ళ లోపు శిక్ష ఉన్న సెక్షన్లు కాబట్టి పోలీసులు అరెస్టుకు బదులు, పిలిచినప్పుడు హాజరు కమ్మనే పాత 41ఏ, ఇప్పటి 35(3) నోటీసు ఇచ్చి పంపేస్తారు. హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేసి, కేసు కొట్టేయకపోయినా నోటీసు పద్ధతి పాటించమన్న ఆదేశం తెచ్చుకుంటారు. 2024 ఆగస్టులో షాజన్ స్కారియా కేసులో సుప్రీంకోర్టు, ఫిర్యాదు చదివితే పైకి నేరం కనపడకపోతే 18వ సెక్షన్ అడ్డు రాదని చెప్పింది. మళ్ళీ ఫిర్యాదు రాసిన తీరుకే వచ్చి ఆగుతుంది.

బెయిలు దగ్గర మన చేతిలో ఉన్నది 15ఏ(3), 15ఏ(5). ముద్దాయి బెయిలు పిటిషన్ వేస్తే బాధితుడికి నోటీసు ఇవ్వాలి, అతని మాట వినాలి. నోటీసు తప్పనిసరని 2021 అక్టోబరులో హరిరాం భంభీ కేసులో సుప్రీంకోర్టు చెప్పి, నోటీసు లేకుండా ఇచ్చిన బెయిలును రద్దు చేసింది. నోటీసు వచ్చిన రోజు కోర్టుకు వెళ్ళి నోటితో చెప్పి ఊరుకోకుండా, బెదిరింపులు ఏమైనా వచ్చి ఉంటే తేదీలతో సహా అఫిడవిట్ వేయాలి. ఊళ్ళోకి రాకూడదన్న షరతు అలాగే వస్తుంది.

కోర్టులో

ప్రత్యేక పీపీ నియామకం ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారుతుంది. కొత్తగా వచ్చినవారు ఫైలు చదివేసరికి వాయిదాలు గడిచిపోతాయి. పీపీ గారి మీద నమ్మకం కుదరకపోతే, బాధితుడు కోరిన సీనియర్ న్యాయవాదిని ప్రభుత్వ ఖర్చుతో పెట్టే అధికారం 4(5) నిబంధన కలెక్టరుకు ఇచ్చింది. అర్జీలో న్యాయవాది పేరు, ఆయన అంగీకార పత్రం జత చేయాలి. విచారణంతా వీడియో తీయాలని 15ఏ(10) ఉంది. మౌఖికంగా కాదు, పిటిషన్ వేసి అడగాలి.

కేసు పిలుపుకొచ్చేసరికి సాక్షులు అవతలివాళ్ళ పొలాల్లోనే కూలికి వెళ్తుంటారు. అడ్డం తిరిగారని వాళ్ళను తిట్టి లాభం లేదు. వాయిదా రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు చేతిలోంచి పడుతుంది, సాయంత్రం అదే ఊరికి తిరిగి వెళ్ళాలి. 11వ నిబంధన ప్రయాణ ఖర్చు, భోజనం, కనీస వేతనానికి తగ్గని కూలి ఆ రోజేగాని, 3 రోజుల్లోగాని ఇవ్వాలంటుంది. హాజరైనట్టు కోర్టు నుంచి సర్టిఫికెట్ తీసుకుని, బస్సు టికెట్లతో సంక్షేమ శాఖకు అర్జీ పెట్టాలి. మొదటి వాయిదాకే ఆ డబ్బు ఇప్పించగలిగితే రెండో వాయిదాకు సాక్షి వస్తాడు. నేను చూసినంతలో సాక్షుల్ని నిలబెట్టింది ప్రసంగాలు కాదు, ఈ కూలి డబ్బులే.

పెద్ద నేరాల్లో ఇంకో చిక్కు. కర్నూలు జిల్లాలో పుట్టుకతో చూపులేని దళిత యువతి మీద 2011లో జరిగిన అత్యాచారం కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు యావజ్జీవాన్ని ఉంచింది గానీ, అట్రాసిటీ సెక్షన్ తీసేసింది. ఆ సెక్షన్, అంటే పాత 3(2)(వి)లో, కులం కారణంగానే చేశాడని రుజువు చేయాలి. కులం, ఆడతనం, అంధత్వం మూడూ కలిసి ఒకే మనిషి మీద పడినప్పుడు ఏ ముక్క దేనివల్లో విడదీసి చూపించమనడం ఎంత అన్యాయమో ఆ తీర్పే వివరంగా రాసింది. 2016 నుంచి జరిగిన నేరాలకు కులం తెలిసి చేశాడని చాలు. అందుకే ఛార్జిషీట్లో నేరం తేదీ, సెక్షన్ మాటలు సరిపోలాయో లేదో కోర్టు ఛార్జి ఫ్రేమ్ చేసే (అభియోగాలు ఖరారు చేసే) రోజే చూసుకోవాలి. పాత మాటలతో టైపు చేసిన ఛార్జిషీట్లు ఇప్పటికీ కనపడతాయి.

రాజీ గురించి ఒక మాట. ఈ కేసులు కింది కోర్టులో రాజీ చేసుకోవడానికి వీల్లేదు. హైకోర్టు మాత్రం కొట్టేయొచ్చని 2021లో రామావతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ గొడవ అసలు సొంత తగాదా అయి, బాధితుడు ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నప్పుడే. ఖాళీ స్టాంపు కాగితాల మీద సంతకాలు అడిగితే పెట్టొద్దు. రాజీ అయితే భూమి స్వాధీనం ముందు, సంతకం తర్వాత.

తీర్పు ఎటు వచ్చినా అదే రోజు ధ్రువీకృత నకలుకు అర్జీ పెట్టాలి. కొట్టేస్తే 14ఏ కింద హైకోర్టుకు అప్పీలు, గడువు 90 రోజులు. ప్రభుత్వం అప్పీలు చేస్తుందని కూర్చుంటే ఫైలు పీపీ అభిప్రాయం కోసమే తిరుగుతుంటుంది. బాధితుడికి సొంతంగా అప్పీలు హక్కు ఉంది. తీర్పుతోపాటు సాక్షుల వాంగ్మూలాలు, ఎగ్జిబిట్ల నకళ్ళు, ఛార్జిషీట్ ఒకే అర్జీలో అడిగితే హైకోర్టు ప్లీడరుకు ఇచ్చేటప్పుడు మళ్ళీ జిల్లా కోర్టుకు పరిగెత్తక్కర్లేదు. నకలు అర్జీ పెట్టిన తేదీ, నకలు చేతికి వచ్చిన తేదీ ఆ కాగితం వెనకే స్టాంపు వేసి ఉంటాయి. ఆ మధ్య రోజులు గడువులో లెక్కకు రావు కాబట్టి ఆ స్టాంపు పేజీ కూడా జిరాక్స్ తీయించాలి.